మన్మోహన్ సింగ్ వల్ల మీ ఇంట్లో ఏం మారింది? నిజంగా అడుగుతున్నా

కావలి_మాష్టారు
నేను కావలిలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. మొన్న పరీక్షలో 1991 సంస్కరణల మీద ప్రశ్న ఇస్తే క్లాసు మొత్తం ఒకే జవాబు రాసింది. సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ, తెచ్చినవారు డాక్టర్ మన్మోహన్ సింగ్. మార్కులు వేయక తప్పలేదు. పేపర్లు తిరిగి ఇస్తూ "సరే, దాంతో మీ ఇంట్లో ఏం మారింది?" అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. వెనక బెంచీ పిల్లాడు మాత్రం "మా తాత ఆయన్ని నాయకుడే కాదంటాడు సార్, ఒక్క ఎలక్షన్ కూడా గెలవలేదంట" అన్నాడు.

ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే పల్లెలో 1932లో పుట్టి, కిరసనాయిలు దీపం కింద చదివి, దేశ విభజనలో ఊరొదిలి వచ్చి, కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి, రిజర్వు బ్యాంకు గవర్నరై, 1991లో ఆర్థిక మంత్రియై, తర్వాత పదేళ్లు ప్రధానిగా చేసిన మనిషి. ఆయన గురించి నెల్లూరు, ఒంగోలు వైపు జనం అసలు ఏమనుకుంటున్నారు? మీ ఇంట్లో, మీ పొలంలో ఏం మారింది? జనం ఓటుతో గెలవని మనిషిని నాయకుడు అనొచ్చా? జరిగింది జరిగినట్టు రాయండి. పిల్లలకు చూపించాలి.

ఒంగోలు_గిత్త
తాత చెప్పింది కరెక్టే. 1999లో దక్షిణ ఢిల్లీలో నిలబడి విజయ్ కుమార్ మల్హోత్రా చేతిలో ఓడిపోయాడు. అంతకు ముందూ, ఆ తర్వాతా రాజ్యసభే. మొదట అస్సాం, 2019లో రాజస్థాన్. మా వీధి వార్డు మెంబరు కూడా జనం ముందు చేతులు జోడించి గెలిచి వచ్చాడు. ఈయన పెద్ద ఆఫీసరు, మంచి ఆఫీసరు. నాయకుడు మాత్రం కాదు.

పెన్నా_ఒడ్డు
రాజ్యసభ కూడా రాజ్యాంగంలో ఉన్నదే కదా గిత్తా. ఓటు అడగడం ఒక్కటే నాయకత్వమైతే, అడిగి గెలిచి ఏమీ చేయని వాళ్లని ఏమనాలి?

టంగుటూరు_బ్యారన్
మాష్టారు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు చెబుతా.

1991లో నాకు 24 ఏళ్లు. మాకు రెండు పొగాకు బ్యారన్లు (ఆకు కాల్చే కొట్లు) ఉండేవి. ఆ ఏడాది జూలైలో రూపాయి విలువ తగ్గించారు. 1వ తేదీన ఒకసారి, 3న ఇంకోసారి. డాలరు 21 రూపాయల చిల్లర నుంచి దాదాపు 26కి పోయింది. డాలరంటే ఏందో మా నాన్నకు తెలియదు. వేలం కేంద్రంలో బయ్యర్లు మాట్లాడుకుంటుంటే విని ఇంటికొచ్చి "మన రూపాయి పడిపోయిందంట, అది మనకు మంచిదంట" అన్నాడు. పడిపోతే మంచి ఎట్టా అవుతుందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మా ఆకు ఓడెక్కి పోతుందని, అక్కడ డాలర్లలో అమ్మి ఇక్కడికి రూపాయల్లో తెచ్చుకుంటారని, ఆ తేడాలో కొంతైనా బేలు ధరలోకి దిగుతుందని నాకు తెలిసేసరికి రెండేళ్లు పట్టింది.

అదే నెల 24న బడ్జెట్. ఎరువుల ధర ఒకేసారి 40 శాతం పెంచారు. పొగాకులో వచ్చిన ఆ కాస్తా మాగాణిలో ఎరువుకు పోయింది. మా నాన్న చివరిదాకా ఆ సర్దార్జీని మెచ్చుకోలేదు, తిట్టలేదు. "లెక్క తెలిసినోడు, మన కష్టం తెలియనోడు" అనేవాడు.

కావలి_మాష్టారు
బ్యారన్ గారూ, మీరు రాసింది చదివి ఒళ్లు జలదరించింది. ఆక్స్‌ఫర్డ్‌లో మన్మోహన్ పరిశోధన ఎగుమతుల మీదే. 1950ల్లో మన ఎగుమతులు పెరగకపోవడానికి బయట గిరాకీ లేకపోవడం ఒక్కటే కారణం కాదు, మన విధానాలూ కారణమే అని వాదించారు. 1964లో అది పుస్తకంగా వచ్చింది. వేలం కేంద్రంలో మీ నాన్నగారి చెవిన పడిన మాట మన్మోహన్ ముప్పై ఏళ్ల వయసులో రాసిపెట్టుకున్నదే. అమలు చేసే రోజు రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

గూడూరు_నిమ్మ
40 శాతం మీద గోల జరిగి, సొంత పార్టీ ఎంపీలే ఎదురు తిరిగితే ఆగస్టులో 30కి తగ్గించారు. సన్నకారు, చిన్నకారు రైతులకు పెంపు లేదన్నారు. మా ఊళ్లో ఎవరు చిన్న రైతో, ఎవరు కాదో తేల్చే కాగితం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి.

అసలు దెబ్బ 1992 ఆగస్టులో తగిలింది. డీఏపీ, పొటాష్ ఎరువుల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, యూరియా మీద ఉంచారు. డీఏపీ కట్ట ధర ఎగిరిపోయింది, యూరియా చవకగా మిగిలింది. రైతు ఏం చేస్తాడు? యూరియానే కుమ్మరించాడు. మా నిమ్మ తోటల్లో, పక్కన వరిలో, అంతటా అదే. ఈరోజు భూసార పరీక్షలో పొటాష్ తక్కువని వస్తుంటే నాకు ఆ ఏడాదే గుర్తొస్తుంది. ఆర్థికవేత్త లెక్కలో రెండు ఎరువులు రెండు వేర్వేరు గడులు. పొలంలో రెండూ కలిసే పడాలి. ఇది మాత్రం ఆయన ఖాతాలో రాయాల్సిందే మాష్టారూ.

పెన్నా_ఒడ్డు
ఇది నాకు తెలియదు నిమ్మ అన్నా. ఒప్పుకుంటున్నా.

సులోచన_కందుకూరు
అందరూ ధరలే మాట్లాడుతున్నారు. అప్పుడు దేశం పరిస్థితి ఏందో కూడా చెప్పండి. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా లేవు. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు పోయింది, జూలైలో దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టారు. రేడియోలో విని మా అమ్మ ఏడ్చింది. నాలుగు గాజులు షావుకారు దగ్గర పెట్టి మా అక్క పెళ్లి చేసిన మనిషి. దేశానికీ ఆ గతి పట్టిందా అంది. ఆ అప్పు ఆ ఏడాదే తీర్చారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 2009లో ఈయనే ప్రధానిగా ఉన్నప్పుడు మన రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది. ఆ వార్త పేపర్లో చూసి అమ్మకు చదివి వినిపించాను. "గాజులు ఇంటికొచ్చాయి" అంది.

ఒంగోలు_గిత్త
అక్కా, కందుకూరు ఎన్నిసార్లు జిల్లా మారింది?

సులోచన_కందుకూరు
నేను పుట్టినప్పుడు నెల్లూరు, పెళ్లినాటికి ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. నేను మాత్రం అదే ఇంట్లో ఉన్నాను తమ్ముడూ.

ఉదయగిరి_కొండ
మీరందరూ మన్మోహన్ మన్మోహన్ అంటున్నారు. చేయించింది అప్పుడు ప్రధానిగా ఉన్న మన పీవీ నరసింహారావు. ఆర్థిక మంత్రి పదవికి ముందు అడిగింది రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఐ.జి. పటేల్‌ని. ఆయన రానంటే ఈయన్ని పిలిచారు. అప్పుడు ఈయన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఛైర్మన్. పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే పెట్టుకున్నాడు. 18 రకాల పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్న విధానం ఆ శాఖదే, బడ్జెట్ రోజునే వచ్చింది. పార్టీలో తిట్లన్నీ కాసుకున్నది పీవీ. ప్రధాని అయ్యేనాటికి ఆయనా ఎంపీ కాదు, కానీ నవంబరులో నంద్యాలలో నిలబడి 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. నాయకుడంటే అదీ.

కావలి_మాష్టారు
కొండ గారూ, పీవీ లేకపోతే ఇవేవీ జరిగేవి కావు, సందేహం లేదు. కానీ ఈయన్ని దారిన పోతుంటే పిలిచి కూర్చోబెట్టలేదు. 1971లో వాణిజ్య శాఖలో సలహాదారుగా చేరిన దగ్గర్నుంచి చూడండి. మరుసటి ఏడాదే ఆర్థిక శాఖలో ముఖ్య సలహాదారు, తర్వాత కార్యదర్శి, 1982 నుంచి 85 దాకా రిజర్వు బ్యాంకు, అక్కడినుంచి ప్రణాళికా సంఘం, జెనీవాలో వర్ధమాన దేశాల సౌత్ కమిషన్. ఏ గదిలో ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి. జూన్ 21న మంత్రి అయ్యాడు, జూలై 24కి బడ్జెట్ పెట్టాడు. ముప్పై మూడు రోజులు. బయటి నుంచి వచ్చిన పండితుడికి ఫైళ్లు చదవడానికే సరిపోదు.

ఉదయగిరి_కొండ
సరే, ఎడ్లు రెండూ బలమైనవే. నొగ పట్టినవాడు పీవీ అంటున్నా, అంతే.

మైపాడు_గుంట
రొయ్యల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1991 తర్వాత మా తీరమంతా టైగర్ రొయ్యల గుంటలే. రూపాయి తగ్గిందిగా, ఎగుమతిదారుడు ఎగబడి కొన్నాడు. వరి పండే నేలలు కూడా తవ్వేశారు. మా బాబాయి మూడెకరాలు తవ్వి ఒక్క పంటకే మేడ కట్టాడు. 1994, 95లో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చింది. గుంటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో గుంటలు తీసేయమంది. మేడ అమ్మేశాం.

2005లో కోస్తా ఆక్వాకల్చర్ చట్టం వచ్చాక మళ్లీ రిజిస్ట్రేషన్లు, 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి. అప్పుడు నేను దిగాను, ఇప్పటికీ అదే పని. నా మొదటి పతనం ఆయన ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, నా రెండో బతుకు ఆయన ప్రధానిగా ఉన్నప్పుడు. తలుపు తెరిచినవాడు రోగం కూడా లోపలికొస్తుందని ముందే చెప్పాల్సింది.

టంగుటూరు_బ్యారన్
తెల్లమచ్చకు మన్మోహన్ ఏం చేస్తాడు గుంటా?

మైపాడు_గుంట
రోగం ఆయన తేలేదు. డాలర్లు వస్తున్నాయని ఏ నియమం లేకుండా తవ్వనిచ్చారు చూడు, దాని గురించి అంటున్నా. 2005లో పెట్టిన చట్టం 1991లో పెట్టి ఉంటే మా బాబాయి ఇంకొన్నేళ్లు బతికేవాడు.

టంగుటూరు_బ్యారన్
తెలియక అన్నాను. ఏమీ అనుకోవద్దు.

చీమకుర్తి_రాయి
మా దగ్గర గెలాక్సీ గ్రానైట్. యంత్రాల దిగుమతి సులువయ్యాక, ఎగుమతికి దారులు తెరిచాక క్వారీలు పెరిగాయి. మా నాన్న సుత్తి, ఉలి పట్టిన మనిషి. నేను వైరు కట్టింగ్ మిషన్ ఆపరేటర్ని. జీతం వస్తుంది, పిల్లలు ఇంగ్లీషు మీడియం. దుమ్ము కూడా వస్తుంది. నల్లరాయిలో మెరిసే చుక్కల కోసం చైనా నుంచి వచ్చి బ్లాకులకు బ్లాకులే కొనుక్కుపోతారు, పాలిష్ అక్కడే పెడతారు. పాలిష్ ఇక్కడే పెడితే ఎంతమందికి పని దొరికేదో. ఆయన ఎగుమతుల పుస్తకంలో ఇది కూడా రాసి ఉంటే చెప్పండి మాష్టారూ.

సులోచన_కందుకూరు
1992లో మన వైపు ఆడవాళ్లను అడిగితే సంస్కరణల గురించి చెప్పరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి చెబుతారు. సారా వేలం పాటలు ఆపింది వాళ్లు. ఆ రోజుల్లో మా ఇంట్లో మారింది అదే. ఢిల్లీలో మారిందంతా వెంటనే మన గడప దాకా రాదు, మన గడపలో మారింది ఢిల్లీకి కనపడదు. పిల్లలకు ఇది కూడా చెప్పండి.

కనిగిరి_మెట్ట
నాకు 1991 గుర్తులేదు. నాకు 2007 గుర్తుంది.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. మా జిల్లాకు రెండో విడతలో 2007లో వచ్చింది. అంతకుముందు మా ఊరు ఎట్టా ఉండేదంటే, సంక్రాంతి దాటితే ఊళ్లో ముసలోళ్లే మిగిలేవాళ్లు. మిగతావాళ్లు హైదరాబాదు, బెంగళూరు, బేల్దారి పనికి. మా అమ్మా నాన్నా పోతుంటే నేను నానమ్మ దగ్గర ఉండి చదువుకున్నా. ఏడాదిలో ఆరు నెలలు అమ్మ ముఖం తెలియదు.

కరువు పని వచ్చాక అమ్మ ఆగిపోయింది. కుంట పూడిక తీసేది. మగాడికి ఎంతో ఆడమనిషికీ అంతే కూలి. అమ్మ తన జీవితంలో మొదటిసారి పోస్టాఫీసు పుస్తకం మీద వేలిముద్ర వేసింది. డబ్బులు ఆలస్యం అయ్యేవి, మస్టర్లలో (హాజరు పట్టీల్లో) లేని మనుషుల పేర్లు ఉండేవి, అవన్నీ నిజం. ఒకసారి అయిదు వారాలు రాలేదు. అయినా అమ్మ ఇంట్లో ఉంది. నేను టెన్త్ పాసయ్యాను.

గిత్తా, ఓటు అడగని మనిషి అన్నావు. మా ఊరికి ఓటు అడగడానికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మా అమ్మను ఊళ్లో ఉంచింది మాత్రం ఆ చట్టం.

గూడూరు_నిమ్మ
మెట్టా, నీ బాధ అర్థమైంది. కానీ కోతల సమయంలో కూలీలు దొరక్క మేము పడ్డ టెన్షన్ కూడా ఉంది. పని దినాలు వ్యవసాయం లేని నెలల్లో పెట్టమని ఎన్నిసార్లు మొత్తుకున్నాం.

కనిగిరి_మెట్ట
మీ కాలవ కింద పొలాలకు ఆ మాట సరే అన్నా. మా మెట్టలో వ్యవసాయం ఉన్న నెలలు ఎన్నో మీకూ తెలుసు.

వింజమూరు_వెంకి
2008 రుణమాఫీ. అయిదెకరాల లోపు వాళ్లకు మొత్తం, ఆపైన వాళ్లు మిగతాది కడితే 25 శాతం తగ్గింపు. 2007 డిసెంబరు 31కి గడువు దాటి, 2008 ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉన్న అప్పులకే. మా నాన్నకు నాలుగెకరాలు. బ్యాంకు వాళ్లు ఇంటికొస్తున్నారని పరువుకు భయపడి జనవరిలో రెండు గేదెలు అమ్మి కట్టేశాడు. ఆరు వారాలు ఆగి ఉంటే మొత్తం పోయేది. కట్టనివాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం అప్పు సక్రమంగా కట్టినవాళ్లకు 5 వేలు ఇచ్చింది. నాన్న తీసుకున్నాడు గానీ ఆ డబ్బుతో ఏమీ కొనలేదు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన మనిషికి, అప్పు కట్టేవాడు చిన్నబోతే మళ్లీ ఎవడూ కట్టడని తెలియదా? ఇదే నేను ఆయన్ని అడగాలనుకున్నది.

పెన్నా_ఒడ్డు
వెంకీ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

సూళ్లూరుపేట_సూరి
నేను ఆయన్ని చూశా, దూరం నుంచే. 2012 సెప్టెంబరు 9, ఆదివారం. ఇస్రో నూరో మిషన్, పీఎస్‌ఎల్‌వీ సీ21. ప్రధాని స్వయంగా శ్రీహరికోట వచ్చారు. ఆ ముందు రాత్రంతా వాన భయం. ఉదయం రాకెట్టు లేచాక అందరం కేకలు. రాత్రి టీవీలో చూపిస్తే, ఆయన శాస్త్రవేత్తల మధ్య కూర్చుని స్కూలు పిల్లాడిలా తెర వైపు చూస్తున్నారు. మా నాన్న "ఈయనకు ఉపన్యాసం రాదు గానీ వినడం వచ్చు" అన్నాడు. చంద్రయాన్ 1 (2008 అక్టోబరు), మంగళయాన్ (2013 నవంబరు) రెండూ మా పక్క దీవి నుంచి ఆయన హయాంలోనే పోయాయి.

ఒంగోలు_గిత్త
వినడం వస్తే మరి 2జీ స్పెక్ట్రం, బొగ్గు గనుల కేటాయింపుల కుంభకోణాల సంగతి ఎందుకు వినపడలేదు? పక్కన కూర్చున్న మంత్రులు ఏం చేస్తున్నారో తెలియని ప్రధాని ఏం ప్రధాని?

పెన్నా_ఒడ్డు
2జీలో 2017లో ప్రత్యేక కోర్టు అందరినీ వదిలేసింది. బొగ్గు మాత్రం నిజం, 2014లో సుప్రీంకోర్టు 214 కేటాయింపులు రద్దు చేసింది. తన చేయి శుభ్రంగా ఉంచుకోవడంతో ప్రధాని పని అయిపోదు, ఒప్పుకుంటా.

కానీ అవే అడగడానికి చేతిలో ఆయుధం ఇచ్చింది కూడా ఆ ప్రభుత్వమే. సమాచార హక్కు, 2005 అక్టోబరు 12 నుంచి. మా చెరువు మరమ్మతు లెక్కలు ఏళ్ల తరబడి ఎవరూ చూపలేదు. అర్జీ పెడితే 30 రోజుల్లోపు కాగితాలు నా చేతిలో ఉన్నాయి. ఏ పాలకుడూ తన మీదే పనికొచ్చే కత్తిని జనానికి ఊరికే ఇవ్వడు.

ఒంగోలు_గిత్త
కాగితం అన్నావు కాబట్టి నా అసలు కోపం చెబుతా. ఇప్పటిదాకా దాచుకున్నా.

2014 ఫిబ్రవరి 20. రాజ్యసభ. విభజన బిల్లు. టీవీ ముందు మా వీధంతా కూర్చున్నాం. ఈ ప్రధాని లేచి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లు ప్రత్యేక హోదా అన్నాడు. మన నెల్లూరాయన వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నాడు. అయిదో పదో, చట్టంలో ఆ ముక్క లేదు. నోటి మాట. నలభై ఏళ్లు ఫైళ్లతో బతికిన మనిషికి కాగితం మీద లేని మాట విలువ ఎంతో మనకంటే బాగా తెలుసు కదా? 2009లో ఉమ్మడి రాష్ట్రం 33 మంది కాంగ్రెస్ ఎంపీలను పంపింది. ఆ 33 లేకుండా ఆయన రెండోసారి ప్రధాని అయ్యేవాడా? 2014లో నేను ఇంజనీరింగ్ చివర్లో ఉన్నా. హోదా వస్తుంది, కంపెనీలు వస్తాయి, ఒంగోల్లోనే ఉద్యోగం అనుకున్నా. పదేళ్లుగా చెన్నైలో అద్దె కడుతున్నా. ఆఫీసరు అని నేను తిట్టడం లేదు. ఆ రోజైనా ఆఫీసరుగా ఉండి రాసిపెట్టి ఉంటే బాగుండేదని.

ఉదయగిరి_కొండ
దీనికి నా దగ్గర జవాబు లేదు గిత్తా. మా అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు.

సులోచన_కందుకూరు
సభలో ప్రధాని ఇచ్చిన మాట తర్వాత వచ్చేవాళ్లు నిలబెడతారని నమ్మి ఉంటాడు. అది ఆయన పద్ధతి. నమ్మినందుకు మనం నష్టపోయాం.

కావలి_మాష్టారు
రాత్రి పదిన్నర అయింది. అన్నీ రెండుసార్లు చదివాను. నా నోట్సులో ఎగుమతులు ఒక పేజీ, ఎరువులు ఒక పేజీ, ఉపాధి హామీ ఇంకో పేజీ. ఆ మూడూ ఒకే ఇంటి సంగతులని నేనెప్పుడూ చెప్పలేదు. గూడూరు_నిమ్మ గారూ, 1992 నాటి ఎరువుల కొట్టు బిల్లు ఒక్కటైనా ఉంటే ఫొటో పెట్టండి. కనిగిరి_మెట్ట, మీ అమ్మగారు ఒప్పుకుంటేనే మీ పోస్టు క్లాసులో చదువుతాను. సోమవారం పిల్లలకు ఇచ్చే పని ఇదే: 1991లో ఇరవై దాటిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి అడగాలి, ఒక పేజీ రాయాలి.

కనిగిరి_మెట్ట
అమ్మ ఒప్పుకుంది. కుంట పేరు కూడా చెప్పమంది. గొల్లకుంట.

గూడూరు_నిమ్మ
బిల్లుల సంచీ అటక మీద ఉంది. రేపు దించుతా.

వెనక_బెంచీ
సార్, నేనే. ఈ థ్రెడ్ ఎవరో గ్రూపులో పెడితే చూశాను. తాతను అడిగాను. ఎరువుల ధర పెంచినప్పుడు మండలాఫీసు ముందు రెండు రోజులు ధర్నాలో కూర్చున్నాడంట, అందుకని నాయకుడు కాదంటాడు. నానమ్మ 2007లో వచ్చిన ఉపాధి హామీ జాబ్ కార్డు ఇప్పటికీ బియ్యం డబ్బాలో దాచింది. పొద్దున్నుంచి ఇద్దరూ వాదించుకుంటున్నారు. ఎవరిది రాయాలి సార్?

కావలి_మాష్టారు
ఇద్దరిదీ రాయి. నానమ్మ ఇస్తే ఆ కార్డు సోమవారం తీసుకురా. కవరులో పెట్టుకో, నలగకుండా.